వైడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడేనా? బ్లడ్ కల్చర్ బాటిల్ చెప్పే సంగతులు

"టైఫాయిడ్ 1:160 వచ్చిందంట." జ్వరం రిపోర్టు ఇంటికొచ్చాక మన ఊళ్లలో తరచూ వినపడే మాట ఇది. అంకె పక్కన లావు అక్షరాల్లో 'పాజిటివ్' అని ఉంటుంది. సాయంత్రానికి చేతికి సెలైన్ ఎక్కుతుంది. నెల తిరిగాక మళ్లీ పరీక్ష చేయిస్తే మళ్లీ 1:160. "ఇంకా ఒంట్లోనే ఉంది" అంటూ మరో కోర్సు మందులు. ఈ మొత్తం తతంగంలో బ్యాక్టీరియాని ఎవరూ చూడలేదు, పెంచలేదు, దాని పేరు తేల్చలేదు. క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో ఎప్పుడో తయారైన యాంటీబాడీల్ని కొలిచారు, అంతే.

ముందు ఆ 1:160 ఎలా పుడుతుందో చూద్దాం. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ప్రకటించిన పరీక్ష ఇది. ఆయన పేరు మన దగ్గర వైడాల్ అయింది. చంపేసిన టైఫాయిడ్ బ్యాక్టీరియా ద్రావణాన్ని రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేరే పచ్చటి నీటిలో) కలుపుతారు. సీరంలో సరిపడా యాంటీబాడీలు ఉంటే పాలు విరిగినట్టు పలుకులు కడుతుంది. రిపోర్టులో కనపడే 'ఓ' అనేది బ్యాక్టీరియా ఒంటి మీది యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే భాగం), 'హెచ్' అది ఈదడానికి వాడే తోకలది. 'ఏహెచ్', 'బీహెచ్' అనేవి టైఫాయిడ్ లాంటి జ్వరాలే తెచ్చే పారాటైఫాయిడ్ ఏ, బీలవి.

చిన్న ల్యాబుల్లో చేసేది స్లైడు పద్ధతి. గాజు పలక మీద గళ్లలో సీరం 80, 40, 20, 10, 5 మైక్రోలీటర్ల చొప్పున వేసి, ఒక్కో దాంట్లో ఒక్కో చుక్క యాంటిజెన్ కలిపి, పలకని అటూ ఇటూ ఆడించి, సరిగ్గా ఒక్క నిమిషానికి చూడాలి. ఆ గళ్లు వరసగా 1:20, 1:40, 1:80, 1:160, 1:320 కింద లెక్క, అంటే సీరంని అన్ని రెట్లు పలచబరిచినట్టు. పలుకులు కట్టిన ఆఖరి గడి అంకే రిపోర్టులో పడుతుంది. నిమిషం అన్నది మాట వరసకి పెట్టింది కాదు. ఈలోపు ఫోన్ వచ్చి మూడు నిమిషాల తర్వాత చూస్తే, ఆ చుక్క అంచుల దగ్గర ఎండి పలుకుల్లా కనపడుతుంది, నెగటివ్ కాస్తా పాజిటివ్ అవుతుంది. 10 మైక్రోలీటర్లకి పిపెట్ లేక డ్రాపర్‌తో అందాజాగా వేస్తే 1:80 ఏదో 1:160 ఏదో దేవుడికే తెలియాలి. ట్యూబు పద్ధతి కొంత నయం. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి చూస్తారు. ఓ పలుకులు అడుగున సున్నపు పొడిలా గట్టిగా, హెచ్ పలుకులు దూదిపింజలా వదులుగా కనపడతాయి. కానీ దానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఎవరికీ ఓపిక లేదు.

చేతివాటం ఎంత సరిగ్గా ఉన్నా అసలు చిక్కు వేరే ఉంది. టైఫాయిడ్ తరచుగా వచ్చే మనలాంటి చోట, ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలోనే 1:40, 1:80 దొరకడం మామూలు. పాత టైఫాయిడ్ తాలూకు హెచ్ యాంటీబాడీలు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరాలొచ్చినప్పుడు ఆ పాత యాంటీబాడీలు మళ్లీ లేస్తాయి. ఓ 9, ఓ 12 అనే యాంటిజెన్లు టైఫాయిడ్ బ్యాక్టీరియాకి ఒక్కదానికే ఉన్నవి కావు, కోడిగుడ్ల ద్వారా విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్‌కీ ఉన్నాయి. అటు నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకి మొదటి వారంలో యాంటీబాడీలు ఇంకా లేవక నెగటివ్ రావచ్చు. వైడాల్‌కి అంటూ అర్థం ఉండాలంటే వారం, పది రోజుల తేడాతో రెండు సాంపిళ్లు తీసి, రెండోదాంట్లో నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. ఆ రెండో సాంపిల్ ఇచ్చేదాకా ఎవరున్నారు?

మందులు పనిచేశాయా లేదా తెలుసుకోవడానికి వైడాల్ మళ్లీ చేయించడం మాత్రం శుద్ధ దండగ. జ్వరం తగ్గి మనిషి అన్నం తింటున్నా ఆ అంకె తగ్గదు. దాన్ని పట్టుకుని రెండో కోర్సు యాంటీబయాటిక్ వాడటంలో అర్థం లేదు.

టైఫాయిడ్ అని చెప్పాలంటే సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియాని రోగి ఒంట్లోంచి బయటికి తీసి పెంచి చూపించాలి. మొదటి రెండు వారాల్లో అది దొరికే చోటు రక్తం, మూడో వారం నుంచి మలం, కొందరిలో మూత్రం కూడా. మెడికల్ కాలేజీల్లో పిల్లలు దీన్ని 'బాసు' అని గుర్తుపెట్టుకుంటారు: బ్లడ్, యాంటీబాడీ, స్టూల్, యూరిన్, వారానికొకటి. వారాల లెక్క అంత ఖచ్చితంగా ఉండదుగానీ వరస మాత్రం సరైనదే.

ఇలా పెంచడాన్నే కల్చర్ అంటారు. ఇప్పుడు అందుకు వాడే బాటిల్ దగ్గరికి వద్దాం. కల్చర్ నెగటివ్ వచ్చిన కేసుల్లో చాలావరకు తప్పు ఇంక్యుబేటర్ (బ్యాక్టీరియాని పెంచే వెచ్చటి పెట్టె) దగ్గర కాదు, రోగి చెయ్యి దగ్గర జరిగి ఉంటుంది.

టైఫాయిడ్ రోగి రక్తంలో బ్యాక్టీరియా దండిగా ఈదుతూ ఉంటుందని అనుకుంటాం. నిజానికి మిల్లీలీటరు రక్తంలో ఒక్కటో, అంతకన్నా తక్కువో ఉంటుంది. రెండు మిల్లీలీటర్లు తీస్తే ఆ సిరంజిలో ఒక్కటి కూడా లేకపోవడానికి మంచి అవకాశం ఉంది. అందుకే పెద్దవాళ్లకి బాటిల్‌కి 8 నుంచి 10 మి.లీ. తీయాలి, వీలైతే రెండు చేతుల నుంచి రెండు బాటిళ్లు. పిల్లలకి ప్రత్యేకంగా చిన్న బాటిళ్లుంటాయి, బరువుని బట్టి 1 నుంచి 4 మి.లీ. "పాపం నీరసంగా ఉన్నాడు, అంత రక్తమా" అని ఇంట్లోవాళ్లు అడ్డుపడతారు. పది మిల్లీలీటర్లంటే రెండు టీస్పూన్లు. అలాగని బాటిల్‌ని మెడదాకా నింపకూడదు. రక్తానికీ, బాటిల్లో ముందే ఉండే పెంపక ద్రావణానికీ నిష్పత్తి 1:5 నుంచి 1:10 మధ్య ఉండాలి. రక్తంలోనే బ్యాక్టీరియాని చంపే పదార్థాలుంటాయి, అవి పలచబడితేనే ఇది పెరుగుతుంది. బాటిల్లో ఎస్‌పీఎస్ అనే మందు కొద్దిగా కలిపి ఉంచేది రక్తం గడ్డకట్టకుండానూ, ఆ చంపే గుణాన్ని అణచడానికీ.

రెండో షరతు, మొదటి డోసు యాంటీబయాటిక్ పడకముందే తీయాలి. మన దగ్గర జ్వరమొచ్చిన రెండో రోజే మెడికల్ షాపులో అజిత్రోమైసినో, సెఫిక్సిమో కొని రెండు మాత్రలు వేసుకుని, అయిదో రోజు ల్యాబుకి వస్తారు. అప్పటికి రక్తంలో బ్యాక్టీరియా ఇంకా తగ్గిపోయి ఉంటుంది. యాంటీబయాటిక్‌ని పీల్చేసుకునే రెజిన్ పూసలున్న బాటిళ్లు వచ్చాయి, కొంత సాయం చేస్తాయి. ఇప్పటికే మందు పడి ఉంటే తరువాతి డోసుకి ముందు తీయడం నయం. ఏది ఎన్ని వేసుకున్నారో ఫామ్ మీద రాయాలి.

చర్మం శుభ్రం చేయడంలో అందరూ హడావుడి పడేది ఒక్కచోటే. ఆరనివ్వడం. ముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ఆరాక ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో అర నిమిషం రుద్ది మళ్లీ ఆరనివ్వాలి. పోవిడోన్ అయోడిన్ అయితే నిమిషన్నర, రెండు నిమిషాలు ఆగాలి. ఎందుకంటే అది ఆరుతూ ఆరుతూనే పనిచేస్తుంది. తడి మీదే సూది దించితే తుడిచినట్టు తప్ప చంపినట్టు కాదు. ఇంత చేశాక, నరం దొరకలేదని మళ్లీ వేలితో నొక్కి చూస్తే మొదటికొచ్చింది. బాటిల్ ప్లాస్టిక్ మూత తీశాక కింద కనపడే రబ్బరు బిళ్ల శుభ్రంగా మెరుస్తున్నా దాన్నీ ఆల్కహాల్‌తో తుడవాలి, అది స్టెరైల్ కాదు. ఎక్కించి ఉన్న కాన్యులా నుంచి రక్తం లాగకూడదు. ఒకే సూదితో చాలా ట్యూబులకి రక్తం కావాలంటే కల్చర్ బాటిలే ముందు. సీబీపీకి వాడే ఊదామూత ట్యూబులో మిగిలిన రక్తాన్ని కల్చర్‌కి వాడమని అడగకండి, అందులోని ఈడీటీఏ కొన్ని బ్యాక్టీరియాలకి పడదు, పైగా ఆ ట్యూబు కల్చర్ కోసం తయారైంది కాదు.

తీసిన బాటిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రెండు గంటల్లో మెషీన్‌లోకి వెళ్లాలి. ఆలస్యమైతే గది వేడిలో ఉంచమని పుస్తకాలు చెబుతాయి, కానీ ఆ పుస్తకాల గది 20 నుంచి 25 డిగ్రీలది. మే నెలలో రెంటచింతలలో గది అంటే అది దాదాపు ఇంక్యుబేటరే. బయట వేడికి బ్యాక్టీరియా ముందే పెరిగిపోతే మెషీన్ దాన్ని కనిపెట్టలేకపోవచ్చు. మెషీన్ చూసేది పెరుగుదలలో వచ్చే మార్పుని. పెరగడం అయిపోయాక లోపల పెడితే మార్పేమీ కనపడదు, నెగటివ్ అని ఊరుకుంటుంది.

బ్యాక్టెక్, బ్యాక్ట్-అలర్ట్ లాంటి మెషీన్లు పనిచేసేది కార్బన్ డయాక్సైడ్ మీద. బ్యాక్టీరియా పెరుగుతూ ఆ వాయువు వదిలితే బాటిల్ అడుగున ఉన్న సెన్సర్ మారుతుంది. బ్యాక్ట్-అలర్ట్‌లో నీలిపచ్చగా ఉన్నది పసుపు పచ్చగా తిరగడం కంటికే కనపడుతుంది. కొన్ని నిమిషాలకోసారి మెషీన్ కొలుచుకుంటూ ఉంటుంది. టైఫీ చాలావరకు 24 నుంచి 48 గంటల్లో మోగుతుంది, అయినా అయిదు రోజులు ఉంచాలి. మెషీన్ లేని చోట బైల్ బ్రాత్ వాడతారు. టైఫాయిడ్ బ్యాక్టీరియాకి పైత్యరసం అంటే ఇష్టం, మిగతా చాలావాటికి పడదు. అందులోంచి 24 గంటలకి, 48 గంటలకి, మూడో రోజు, ఏడో రోజు పైకి ఏమీ కనపడకపోయినా పోషక జెల్లీ (అగార్) పోసిన ప్లేటు మీద గీసి చూడాలి.

మోగిన బాటిల్‌కి మొదటి పని గ్రామ్ స్టెయిన్, అంటే రంగులద్ది మైక్రోస్కోపులో చూడటం. ఊదా రంగు నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్, పోగొట్టుకుని ఎర్రబడేవి గ్రామ్ నెగటివ్. పద్ధతి 1884 నాటి హాన్స్ క్రిస్టియన్ గ్రామ్‌ది. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఎసిటోన్ రెండు మూడు సెకన్లు, వెంటనే నీళ్లు, సాఫ్రనిన్ అర నిమిషం. పొరపాటు జరిగేది ఆ రెండు మూడు సెకన్ల దగ్గర. ఎసిటోన్ ఎక్కువసేపు ఉంటే గ్రామ్ పాజిటివ్ కూడా రంగు కోల్పోయి ఎర్రబడుతుంది, తక్కువైతే నెగటివ్‌లు ఊదాగా మిగులుతాయి. బాటిల్లోని రక్తం మందంగా పూసినా ఇదే అవస్థ. టైఫీ అయితే గులాబీ రంగులో పొట్టి కడ్డీలు కనపడతాయి. ఈ సంగతి రాతకోతలు అయ్యేదాకా ఆగకుండా అప్పుడే వార్డుకి ఫోన్ చేసి చెప్పాలి, ఎవరితో ఎన్నింటికి చెప్పామో రాసుకోవాలి. గుత్తులు గుత్తులుగా ఊదా కాకై (గుండ్రటి బ్యాక్టీరియా) కనపడితే, అదీ రెండు బాటిళ్లలో ఒక్కదాంట్లోనే అయితే, చర్మం మీది స్టెఫైలోకోకస్ కలిసిందేమో అని అనుమానించాలి. అలాంటి కలుషిత బాటిళ్లు నూటికి మూడు దాటితే రక్తం తీసేవాళ్లకి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. కానీ సాల్మొనెల్లా ఒక్క బాటిల్లో వచ్చినా అది జబ్బే.

అదే బాటిల్ నుంచి బ్లడ్ అగార్, మెక్‌కాంకీ అనే రెండు రకాల ప్లేట్ల మీద గీస్తారు. మర్నాటికి మెక్‌కాంకీ మీద ఈ. కోలై అయితే ముదురు గులాబీ చుక్కలు. లాక్టోజ్‌ని పులియబెట్టి ఆమ్లం చేస్తుంది కాబట్టి ఆ రంగు. టైఫీకి లాక్టోజ్ అక్కర్లేదు, దాని కాలనీలు (ఒకచోట పెరిగిన గుంపులు) రంగు లేకుండా గంజిచుక్కల్లా ఉంటాయి. ఇలా రంగు లేనివన్నీ టైఫీ కావు: షిజెల్లా, ప్రోటియస్, సూడోమొనాస్ అన్నీ అలాగే ఉంటాయి. ప్రోటియస్ అయితే బ్లడ్ అగార్ మీద అలలు అలలుగా ప్లేటంతా పాకుతుంది, దాన్ని పోల్చుకోవడం తేలిక. సూడోమొనాస్‌ని పక్కకి తీసేది ఆక్సిడేజ్ పరీక్ష. వడపోత కాగితం మీద రసాయనం చుక్క వేసి, దాని మీద కాలనీ రుద్దితే పది సెకన్లలో ముదురు ఊదా తిరిగితే పాజిటివ్. టైఫీ నెగటివ్. ఇక్కడ రెండు జాగ్రత్తలు. నైక్రోమ్ లూపుతో రుద్దితే ఆ లోహానికే రంగు తిరుగుతుంది, ప్లాస్టిక్ లూపో, చెక్కపుల్లో వాడాలి. కాలనీని మెక్‌కాంకీ నుంచి కాకుండా బ్లడ్ అగార్ నుంచి తీయాలి.

ఇక టీఎస్‌ఐ (ట్రిపుల్ షుగర్ ఐరన్) ట్యూబు. ఆటోమేటిక్ మెషీన్లు ఎన్నొచ్చినా ఈ ఒక్క ట్యూబుని సరిగ్గా చదవగలిగినవాళ్లని మించిన టెక్నీషియన్ లేరని నా అభిప్రాయం. అందులో గ్లూకోజ్ 0.1 శాతం, లాక్టోజ్, సుక్రోజ్ ఒక్కో శాతం, రంగు తిరిగే ఫీనాల్ రెడ్, గంధకం వాయువు వస్తే నల్లబడే ఇనుప లవణం ఉంటాయి. అగార్‌ని వాలుగా గడ్డకట్టిస్తారు, అడుగున గట్టి ముద్ద ఉంటుంది. నిటారు తీగని కాలనీకి తాకించి, ముద్ద మధ్యలోంచి అడుగు తగలకుండా గుచ్చి, పైకి లాగి వాలు మీద గీయాలి. గుచ్చడానికి గుండ్రటి లూపు వాడితే అగార్ చీలుతుంది, మర్నాడు ఆ చీలికని చూసి గ్యాస్ అని రాస్తారు.

లోపల జరిగేదేమిటంటే, మొదటి కొన్ని గంటల్లో బ్యాక్టీరియా గ్లూకోజ్‌ని తినేసి ట్యూబంతా పసుపు చేస్తుంది. గ్లూకోజ్ కొంచెమే కాబట్టి అయిపోతుంది. లాక్టోజ్, సుక్రోజ్ తినలేని టైఫీ గాలి తగిలే వాలు మీద పెప్టోన్లని పట్టుకుంటుంది, దాంతో క్షారం పుట్టి వాలు మళ్లీ ఎర్రబడుతుంది. గాలి అందని అడుగు పసుపుగానే ఉంటుంది. అందుకే చదవాల్సింది 18 నుంచి 24 గంటల మధ్య. పొద్దున పెట్టి సాయంత్రం చూస్తే అంతా పసుపే, ఈ. కోలై అనుకుంటారు. మూత బిగించేసినా అంతే: గాలి లేక వాలు పసుపుగానే ఉండిపోతుంది. మూత వదులుగా ఉండాలి. సరిగ్గా చేసిన టైఫీ ట్యూబులో పైన ఎరుపు, కింద పసుపు, గ్యాస్ బుడగల్లేవు, రెండింటి సరిహద్దులో సన్నటి నల్ల మీసకట్టు. ఆ మీసం చూశాక వేరే పేరు రాయబుద్ధి కాదు, అయినా ఆగాలి. ఒక్కోసారి అది చాలా పలచగా, గుచ్చిన గీత వెంట మాత్రమే కనపడుతుంది. పారాటైఫీ ఏ అయితే గ్యాస్ ఉంటుంది, నలుపు ఉండదు, ఉన్నా లేనట్టే ఉంటుంది. ట్యూబు అడుగంతా కాటుకలా నల్లబడితే టైఫీ కన్నా ప్రోటియస్, సిట్రోబ్యాక్టర్, వేరే సాల్మొనెల్లాలని ముందు అనుమానించాలి.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. ఇండోల్, యూరియేజ్, సిట్రేట్ మూడూ టైఫీకి నెగటివే. యూరియేజ్ పాజిటివ్ అయితే ప్రోటియస్ వైపు, సిట్రేట్ పాజిటివ్ అయితే వేరే సాల్మొనెల్లా లేదా సిట్రోబ్యాక్టర్ వైపు వెళ్లాలి. మానిటాల్ పులుస్తుంది కానీ గ్యాస్ రాదు. కదలిక ఉంటుంది. లైసిన్ డీకార్బాక్సిలేజ్ టైఫీకి పాజిటివ్, పారాటైఫీ ఏకి నెగటివ్. ఆర్నిథిన్‌కి సరిగ్గా తిరగేసి.

చివర యాంటీసీరంతో (ఫలానా యాంటిజెన్‌ని పట్టుకునే యాంటీబాడీలున్న సీరంతో) స్లైడు పరీక్ష. వైడాల్‌కి ఇది తలకిందులు: అక్కడ తెలిసిన బ్యాక్టీరియాతో తెలియని సీరంని పరీక్షిస్తారు, ఇక్కడ తెలిసిన సీరంతో తెలియని బ్యాక్టీరియాని. సెలైన్ చుక్కలో కాలనీని పాలలా కలిపి ఓ 9 యాంటీసీరం వేసి నిమిషం ఆడిస్తే పలుకులు కట్టాలి. పక్కనే ఒట్టి సెలైన్‌తో ఇంకో చుక్క తప్పనిసరి, అందులోనూ పలుకులు కడితే ఆ కాలనీ గరుకుది, పరీక్ష చెల్లదు. కొత్తవాళ్లు బోల్తాపడే చోటు ఒకటుంది. బయోకెమికల్స్ అన్నీ టైఫీ అంటాయి, ఓ 9 మాత్రం కలవదు. కారణం వీఐ అనే కోటు. అది బ్యాక్టీరియాని గొంగళిలా కప్పేసి లోపలి ఓ యాంటిజెన్‌ని అందనివ్వదు. ఆ ద్రావణాన్ని మరిగే నీళ్లలో 15 నిమిషాలు పెట్టి చల్లార్చి మళ్లీ వేస్తే ఓ 9 పలుకుతుంది. వీఐ యాంటీసీరంతో ముందే కలుస్తుంది. టైఫీ తోకల్ని పట్టుకునే హెచ్-డీ యాంటీసీరంతోనూ కలిస్తే ఇక పేరు రాయొచ్చు: సాల్మొనెల్లా ఎంటెరికా సిరోవార్ టైఫీ. బయోకెమికల్స్ చేయకుండా నేరుగా వీఐతో పేరు పెట్టకూడదు, కొన్ని సిట్రోబ్యాక్టర్‌లకీ ఆ కోటు ఉంటుంది. ప్రోటీన్లని బట్టి బ్యాక్టీరియాని పోల్చే మాల్డీటాఫ్ మెషీన్ నిమిషాల్లో సాల్మొనెల్లా అని చెబుతుంది, అందులో టైఫీయా కాదా అన్నది దానికి నమ్మకంగా తేలదు. కాబట్టి యాంటీసీరం సీసాల పని ఇంకా తీరిపోలేదు. అన్నట్టు, హైదరాబాద్‌లో తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలు టైప్‌బార్ టీసీవీ, టైఫిబెవ్ రెండూ ఈ వీఐ కోటు మీద ఆధారపడినవే.

బ్యాక్టీరియా ఏ మందుకి లొంగుతుందో చూడటానికి ప్లేటు మీద మందు అద్దిన డిస్క్ (బిళ్ల) పెట్టి, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీని కొలుస్తారు. ఈ మందుల పట్టీ దగ్గర తప్పులు ఇంకో రకం. సిప్రోఫ్లాక్సాసిన్ డిస్క్ చుట్టూ 28 మి.మీ. ఖాళీ వచ్చిందనుకోండి. ఈ. కోలైకి 26 దాటితే సెన్సిటివ్, కాబట్టి 28 చూసి 'ఎస్' అని కొడతారు. సాల్మొనెల్లాకి కొలత వేరు: 31 లేదా అంతకన్నా ఎక్కువుంటేనే సెన్సిటివ్. ఆ 28 ఉన్న రోగికి సిప్రో ఇస్తే జ్వరం దిగకపోవచ్చు. పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల డిస్క్ పెడితే ఈ లోపల దాగిన నిరోధం ఇంకా బాగా బయటపడుతుంది, 24 కన్నా తగ్గితే సిప్రో కుటుంబం మొత్తాన్నీ పక్కన పెట్టాలి. అజిత్రోమైసిన్‌కి 13, సెఫ్‌ట్రయాక్సోన్‌కి 23 హద్దులు. జెంటామైసిన్, అమికాసిన్, మొదటి తరం సెఫలోస్పోరిన్లు ప్లేటు మీద బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనపడతాయి. టైఫీ మన కణాల లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి ఒంట్లో అవి పనికిరావు, వాటిని రిపోర్టులో అచ్చు వేయనే కూడదు. మూడో తరం సెఫలోస్పోరిన్లకీ లొంగని టైఫాయిడ్ 2016లో హైదరాబాద్‌లో మొదలైందని చదివి కంగారు పడకండి, అది పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్. సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టొచ్చు. మూడో రోజుకే మందు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

అన్నీ సరిగ్గా చేసినా రక్తం కల్చర్ నూటికి అరవై మందిలోనే పట్టుకుంటుంది. ఎముక మజ్జ కల్చర్ ఇంకా బాగా, మందులు పడ్డాక కూడా పట్టుకుంటుంది గానీ తుంటి ఎముకలో సూది అంటే ఒప్పుకునేవాళ్లు తక్కువ. కాబట్టి నెగటివ్ బాటిల్ టైఫాయిడ్ లేదని చెప్పినట్టు కాదు. అయితే వైడాల్ పాజిటివ్, కల్చర్ నెగటివ్, సెఫ్‌ట్రయాక్సోన్‌కి అయిదు రోజులైనా కదలని జ్వరం అంటే వేరే పేర్లు వెతకాలి. పత్రికలు 'విషజ్వరాలు' అని ఒకే గంపలో వేసేవాటిలో స్క్రబ్ టైఫస్ ఒకటి. పేరులో టైఫస్ ఉన్నా టైఫాయిడ్‌కి చుట్టం కాదు. దాని క్రిమి కల్చర్ బాటిల్లో పెరగదు, బతికున్న కణాల్లోనే పెరుగుతుంది. చంకలో, గజ్జల్లో, మొలతాడు కిందా చుట్టతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో బట్టలు తప్పించి చూడాలి. ఐజీఎం ఎలైజా పరీక్ష పంపాలి. దానికి వాడే డాక్సీసైక్లిన్‌తో తరచుగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది, అక్కడ పరిశోధనలకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంకొకటి బాటిల్లో పెరుగుతుంది, కానీ పేరు తప్పు పడుతుంది: మెలియాయిడోసిస్. బర్కోల్డేరియా సూడోమాలై అనే ఈ బ్యాక్టీరియా ఉండేది తడి మట్టిలో, వరిమళ్లలో. రంగూన్‌కి మనవాళ్లు కూలికి ఓడలెక్కే రోజుల్లో, 1912లో, అక్కడి రోగుల్లోంచి దీన్ని విట్‌మోర్, కృష్ణస్వామి బయటపెట్టారు. షుగర్ ఉన్న రైతుకి వానాకాలంలో నిమ్మోనియానో, కాలేయంలో చీముగడ్డనో తెస్తుంది. గ్రామ్ నెగటివ్ కడ్డీ, రెండు చివర్లూ ముదురుగా పిన్నీసులా కనపడుతుంది. ఆక్సిడేజ్ పాజిటివ్, కాబట్టి 'సూడోమొనాస్' అని రాసి పంపేస్తారు. పట్టించేవి మూడు: జెంటామైసిన్‌కి లొంగదు, కొలిస్టిన్‌కి లొంగదు, ఆగ్మెంటిన్‌కి మాత్రం లొంగుతుంది. మామూలు సూడోమొనాస్ ఇందుకు పూర్తిగా భిన్నం. పేరు తేలితే వైద్యమే వేరు: కనీసం రెండు వారాలు సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ సూదిమందు, ఆ తర్వాత నెలల తరబడి కోట్రిమాక్సజోల్ మాత్రలు. దీని కాలనీలకి మట్టివాసన ఉంటుందంటారు, ఆ వాసన చూడటానికి ప్లేటు మూత తీయకండి, పీలిస్తేనే అంటుకుంటుంది.

ఇవన్నీ ల్యాబులో తట్టాలంటే బాటిల్‌తో వచ్చే ఫామ్ నిండుగా ఉండాలి. 'జ్వరం' అని ఒక్క ముక్క గీకి పంపితే అయిదో రోజు బాటిల్ నెగటివ్ బుట్టలోకి పోతుంది. 'పన్నెండు రోజుల జ్వరం, షుగర్ ఉంది, నాట్లు వేస్తాడు, సెఫిక్సిమ్ నాలుగు మాత్రలు పడ్డాయి' అని రాస్తే, బెంచి దగ్గరున్నవాళ్లు ప్లేటుని ఇంకో రెండు రోజులు ఉంచుతారు, మూత తీసేముందు క్రిములు గాల్లోకి రాకుండా ఆపే సేఫ్టీ క్యాబినెట్‌లోకి తీసుకెళ్తారు.